ఆరో లైన్‌మన్ జెర్సీ

1994 చలికాలం. బహ్రెయిన్‌లో సిత్రా రిఫైనరీ వైపు పోయే రోడ్డు మీద, నువైద్రాత్ ఊరి చివర, కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు, పేరు మీద నడిచే చిన్న టైలరింగ్ షాపు మాది. బీఎస్సీ చదివి కుట్టుపనేమిటని కాకినాడలో మావాళ్లు అడిగేవారు. కుట్టుకి లెక్కలు అక్కర్లేదని వాళ్లకెవరు చెప్పారో మరి. నేను కొలతలు తీసి కత్తిరించేదాన్ని. జగిత్యాల వైపు నుంచి వచ్చిన నర్సయ్య మెషిన్ మీద కూర్చునేవాడు. కంపెనీ యూనిఫారాలు, నర్సుల గౌన్లు, మన ఆడవాళ్ల జాకెట్లు, ఇదీ మా పని. మధ్యాహ్నాలు ఆ వీధిలో వెలుతురు పాలల్లో పసుపు కలిపినట్టుండేది. సముద్రపు తేమలో మనుషులు నడిచి వస్తున్నట్టు కాక తేలి వస్తున్నట్టు కనిపించేవారు.

అలా తేలుతూ వచ్చాడు డేల్. తలుపు నిండా మనిషి. రిఫైనరీ ట్యాంకుల మీద వెల్డర్, అమెరికావాడు, నలభై దాటాయి. చేతిలో మెరూన్ రంగు జెర్సీ, దాని మీద 74 అంకె.

“దీని మీద తొడుక్కోవడానికి ఇంకోటి కావాలి. నంబరు 88. చిటికెలో వెయ్యాలి, చిటికెలో తియ్యాలి,” అన్నాడు ఇంగ్లీషులో.

“ఒక మనిషికి రెండు నంబర్లెందుకు? పోలీసులు వెతుకుతున్నారా?”

నవ్వి, కౌంటర్ మీద దారపు రీళ్లు వరసగా పేర్చాడు. వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు. ముందు వరసలో అయిదుగురు బలిష్ఠులు ఎదుటివాళ్లను తోసి దారి చేస్తారు. వీళ్లే లైన్‌మన్లు. యాభై నుంచి డెబ్భై తొమ్మిది లోపు నంబర్లు వీళ్లవి. ముందుకి విసిరిన బంతిని వీళ్లు పట్టకూడదు, అది నియమం. రెండడుగులు ముందుకి జరిగితే చాలనుకున్నప్పుడు, పరిగెత్తేవాణ్ణి ఒకణ్ణి తీసేసి ఆరో బలిష్ఠుణ్ణి దింపుతారు. వాడు ఎక్స్‌ట్రా లైన్‌మన్. వరస చివర నిలబడి, ఒంటి మీద ఎనభైల్లో నంబరు ఉండి, రిఫరీకి చెప్పి వస్తే, వాడు మాత్రం బంతి పట్టవచ్చు.

“నేను ఆ అయిదుగురిలో ఒకణ్ణి. ఈసారి నన్ను చివరికి జరిపి, నా చోట ఇంకొకణ్ణి పెడతారు. రెండుసార్లు నా వెనకనుంచే బంతి పట్టుకుని పరిగెత్తుతారు. మూడోసారి కూడా అంతే అనుకుని వాళ్లంతా అటు పడతారు. అప్పుడు నాకు విసురుతారు.”

“ఇన్నేళ్లూ బంతి ముట్టుకోకుండా ఏం ఆడినట్టు మరి?”

“తోశాను మేడమ్. స్కూల్లో మొదలుపెట్టి తోస్తూనే ఉన్నాను.” ఒక రీలుని వేలితో పక్కకి జరిపాడు. “శుక్రవారం నా ఆఖరి ఆట. మోకాళ్లు అయిపోయాయి, కాంట్రాక్టూ అయిపోయింది. బుధవారం విమానం. ఒక్క బంతి నాకు వేస్తానని కోచ్ మాటిచ్చాడు.”

ఆ ఆటలో దెబ్బ తగలకుండా భుజాల మీద గట్టి పాడ్లు కట్టుకుంటారు, అలాంటి మనిషికి తలమీంచి జెర్సీ లాగాలంటే ఇద్దరు కావాలి. నాకు వెంటనే తట్టింది, వెనక హుక్కుల జాకెట్. వీపు మధ్యన తెరిస్తే ఒక ఎనిమిది అటు, ఒక ఎనిమిది ఇటు. నాలుగు పెద్ద హుక్కులు చాలు.

“అక్కా, గింత మనిషికి ఎనక హుక్కుల జాకెట్టా? మా ఊళ్లె చెప్తే నమ్మరు,” అన్నాడు నర్సయ్య.

“చెప్పమని నిన్నెవరడిగారు? కాజాలు కుట్టు.”

ఊరికే నిలబెట్టి కొలిస్తే కుదరదని నేనే పట్టుబట్టాను. పాడ్లు వేయించి, ఆటలో నిలబడేలాగే నిలబడమన్నాను. షాపు మధ్యన వంగి ఒక చెయ్యి నేలకానించాడు. ఆ వంపులోనే వీపు కొలిచాను, చంక రౌండు కొలిచాను. నా జన్మలో ఇంత తెలివిగా కొలత తీయలేదనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం వాళ్ల కంపెనీ క్యాంపు వెనక ఇసక మైదానానికి హుక్కులు పెట్టేవాడిగా నర్సయ్య, చూసేదానిగా నేను వెళ్లాం. మంచులాంటి దుమ్ము. రిఫైనరీ మంట ఆ దుమ్ములో మెత్తగా, దీపం గుడ్డలో చుట్టినట్టు వెలుగుతోంది. డేల్ వీపు ఇచ్చి నిలబడితే నర్సయ్య, “ఆగు భాయ్, కదలకు... యల్లా, ఖలాస్,” అని వీపు మీద ఒక్కటి చరిచి పంపేవాడు. మొదటిసారి డేల్ వెనక నుంచి పరుగు. రెండోసారీ అంతే. “కబడ్డీల గొలుసు పట్టినట్టే ఉన్నది అక్కా,” అన్నాడు నర్సయ్య.

మూడోసారి ఎదుటివాళ్లంతా గోడ కూలినట్టు అటు పడ్డారు. డేల్ ఒక్కణ్ణి తోసి, వదిలేసి, మెల్లగా నాలుగడుగులు పక్కకి నడిచాడు. చుట్టూ ఎవరూ లేరు. బంతి లేచింది. అది ఎంతసేపు గాలిలో ఉందో నేను చెప్పలేను. తిరుగుతూ, తొందర లేకుండా, ఆ గోధుమరంగు ఆకాశంలో అది కూడా తేలింది. డేల్ చేతులు లేచాయి. ముఖం దాకా లేచి ఆగిపోయాయి. చంక దగ్గర బట్ట తాడులా బిగియడం నాకు కనిపించింది. బంతి అతని వేళ్ల చివరలు తాకి ఇసకలో పడింది.



శనివారం డేల్ సెలవు తీసుకోవడానికి వచ్చాడు. పాడ్లూ ఆ జెర్సీ సంచీలో ఉన్నాయి, ఊరికి తీసుకెళ్తాడట.

“బాగా కుట్టారు. నా చేతులకే పట్టడం రాదు. తోసే చేతులు ఇవి.”

“మీ చేతులు కాదు. నా కత్తెర.”

“ఊరుకోండి మేడమ్. వదిలింది నేను.”

“వంచి కొలిచింది నేను.”

తప్పు నాదని ఒప్పించడానికి కూడా పోట్లాడాల్సి వచ్చింది. చివరికి పాడ్లు వేయించి, జెర్సీ తొడిగించి, హుక్కులు నేనే పెట్టాను. “ఇప్పుడు చేతులెత్తండి.”

ఎత్తాడు. చెవుల దగ్గర ఆగిపోయాయి. కిందికి దించి ఇంకోసారి ఎత్తాడు. అక్కడే ఆగాయి. 

“అయితే పట్టేవాణ్ణి,” అన్నాడు.

“పట్టేవారు.”

“నిజంగా?”

“నాతో వాదించకండి.”

అంత పెద్దమనిషి ముఖం మెల్లగా విచ్చుకుంది. చంక కింద ముక్క వేసి సరిచేసి ఇస్తానన్నాను. చటుక్కున వెనక్కి జరిగాడు. “ముట్టుకోవద్దు. నాకు బంతి పట్టడం రాదనే మా అన్నకి ఇలాగే తొడుక్కుని చూపించాలి.” మడత పెట్టి, సంచీలో అన్నిటికన్నా పైన పెట్టుకున్నాడు.

ఆ మనిషి రోజూ చేసే పనికి కొలిచాను, అతను అడిగింది ఒక్కసారి చేసే పనికి. అప్పట్నుంచి నా దగ్గరికి ఎవరొచ్చినా టేపు తీయకముందే చేతులెత్తమంటాను. మామూలు జాకెట్టుకి ఇదంతా ఎందుకండీ అని విసుక్కునేవాళ్లున్నారు. ఎత్తేదాకా నేను టేపు తియ్యను.