బాబాయి జేబులో గలగల

మా బాబాయి ఎవరి కారు ఎక్కినా సరే, ఆయన దిగేసరికి ఆ కారులో ఒక ముక్క తగ్గుతుంది.

దొంగ అనుకునేరు, కాదు. మంచి ముక్క జోలికి పోడు. విరిగింది, పగిలింది, ఊడటానికి సిద్ధంగా ఊగులాడుతున్నది, ఇవే ఆయనకి కావాలి. ఏసీ గాలి తిప్పే రెక్క, సీటు వాల్చే మీట, కిటికీ అద్దం దించే పిడి, లైటు మీద మూత. పదేళ్లు ఎండకి ఎండి, పెళుసెక్కి, ఓ రోజు పుటుక్కుమనే ప్లాస్టిక్ సామాను ఏదుందో అదంతాను. ఆ విరిగిన ముక్కని పీకి, చేతిరుమాలు కొసన ముడేసి, చొక్కా జేబులో వేసుకుంటాడు. నెలో రెండు నెలలో గడిచాక అచ్చం అలాంటిదే ఎక్కడినుంచో పట్టుకొచ్చి బిగించి, కనీసం మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోతాడు. చిక్కంతా మధ్యలో గడిచే ఆ నెలా రెండు నెలలతోనే.

"అడిగి తియ్యొచ్చు కదా బాబాయ్?" అనేవాణ్ణి.

"అడిగితే ఏమంటారు? 'చిన్న ముక్కే కదండీ, వదిలెయ్యండి' అంటారు. వదిలెయ్యమన్నాక తీస్తే దొంగతనం. అడక్కుండా తీస్తే మరమ్మత్తు."

"పోనీ, ఫోటో తీసుకుని వెతుకు."

"ఫోటోలో పన్ను లోతు తెలుస్తుందిట్రా? నమూనా చేతిలో ఉండాలి!"

పన్ను అంటే ముక్క వెనక ఉండే కొక్కెం. నమూనా అంటే మీ కారులోంచి మాయమైనది.

ఆయన ముప్పై ఏళ్లు టైపు మిషన్లు బాగుచేశాడు. మిషన్లు పోయాయి, వేళ్లు మాత్రం మిగిలాయి. ఖాళీగా కూర్చోలేక ఆ వేళ్లు లోకంలోని కార్ల మీద పడ్డాయి. ఆయనకి కారు లేదు, నడపడమూ రాదు. "మనింట్లో కారొక్కటే తక్కువ, కారులో ఉండేవన్నీ ఉన్నాయి" అని మా పిన్ని అంటుంది. గోడ బీరువాలో పద్నాలుగు బిస్కట్ డబ్బాలు. ఒక్కోదాని మీద ఒక్కో కాగితం: ఎడమ కొక్కేలు, కుడి కొక్కేలు, మీటలు, ఏమిటో తెలియనివి. అన్నిటికన్నా పెద్దది ఆ చివరి డబ్బా.

ఒకసారి పిన్ని కాఫీ కలుపుతూ డబ్బా వంపితే కప్పులో గలగలమంది.

"ఏవండీ, ఇందులో పంచదార ఏమైంది?"

"పంచదార ఎందులో అయినా ఉంటుందే. వీటికి మూత బిగువుండాలి."

ఆ గలగల ఆయనకి ఊరేగింపు లాంటిది. జేబులో ఎప్పుడూ పదో పదిహేనో ముక్కలుంటాయి కాబట్టి, మనిషి కన్నా ముందు చప్పుడొస్తుంది. చిన్నప్పుడు ఆ చప్పుడు వినగానే నేను గబగబా పుస్తకం తెరిచేవాణ్ణి. పెద్దయ్యాక ఆ చప్పుడు వింటే సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. నా ఎనిమిదో ఏటి నుంచి నన్ను పెంచి చదివించింది బాబాయీ పిన్నీనే. ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను. ఇంకాస్త ఆగితే చెప్పడానికి నాకు మొహం చెల్లదు.

ఓసారి ఇద్దరం టాక్సీ ఎక్కాం. డ్రైవరు పక్క సీటు కిటికీ పిడి సగం విరిగి ఉంది, అతను కటింగ్ ప్లేయరుతో తిప్పుకుంటున్నాడు. దిగి నాలుగడుగులు వేశామో లేదో వెనకనుంచి కేక.

"ఏవయ్యా పెద్దాయనా! నా పిడి పట్టుకుపోతున్నావేంటి?"

"తెచ్చిస్తానయ్యా!" అని బాబాయి కూడా అంతే గట్టిగా అరిచాడు.

"వానొస్తే?"

"మూడు వారాల్లోపు రాదులే!"

వీధంతా ఆగి చూసింది. నేను ఆగలేదు. ఆయనకి పదడుగులు ముందు, ఆయనెవరో ఎరగనట్టు నడుచుకుంటూ పోయాను. మూడో వారంలో పిడి బిగించేశాడు. నాలుగో వారంలో వాన పడింది. ఆ డ్రైవరు ఇప్పటికీ వీధిలో నన్ను చూస్తే బండాపి, "పెద్దాయన బాగున్నారా?" అంటాడు. నేను మాత్రం ఆ పదడుగులు నడిచిన సంగతి మరిచిపోలేదు.

తర్వాత నేను పాత కారొకటి కొన్నాను. మొదటి వారంలోనే లోపలి అద్దాన్ని పట్టి ఉంచే క్లిప్పుకి చిన్న పగులుందని బాబాయి దాన్ని పీకేశాడు. అద్దం లేకుండా పదకొండు రోజులు నడిపాను. పన్నెండో రోజు వెనక్కి తీస్తూ పక్కింటి వాళ్ల పూలకుండీలు రెండు పగలగొట్టి, ఇంటికొచ్చి ఎగిరిపడ్డాను.

"ఇకనుంచి నా కారులో ఏదీ ముట్టుకోకు! అర్థమైందా?"

"అర్థమైంది" అన్నాడు బుద్ధిగా.

ఆ కారులో ముందు సీటు ఎదురుగా డ్యాష్‌బోర్డు అర ఉంది. దాని కొక్కెం అరిగిపోయింది. బ్రేకు వేసినప్పుడల్లా మూత తెరుచుకుని దభీమని కూర్చున్నవాళ్ల మోకాలి మీద పడుతుంది. మిగతా వాళ్లయితే "అబ్బా!" అంటారు. బాబాయి ఏమీ అనడు. మూత పడుతుంది, ఆయన చూస్తాడు, రెండు వేళ్లతో మెల్లగా మూసేసి, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటాడు. మళ్లీ దభీమంటుంది. ఏడాది పాటు మాట తప్పలేదు. పంతమనుకున్నాను నేను.

ఇక అసలు సంగతికొస్తాను.

నేను ఫ్యాన్ల కంపెనీ ఆఫీసులో కొత్తగా చేరాను. ఉద్యోగం పర్మనెంటు చేయాలా వద్దా అన్నది మా డైరెక్టరు గారి చేతిలో ఉంది, గడువుకి పంతొమ్మిది రోజులున్నాయి. ఆయనకి నవ్వడం రాదని ఆఫీసులో చెప్పుకుంటారు. "ఆఫీసు దరిదాపులకి రాకు" అని బాబాయితో ముందే చెప్పాను. కానీ ఒక గురువారం నేను క్యారియర్ మరిచిపోయాను. పిన్ని పంపితే ఆయన తెచ్చి, గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరు గారు అందర్నీ కార్ల షెడ్డు దగ్గరికి పిలిపించారు.

"నిన్న మా అమ్మని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ పది నిమిషాలు ఇక్కడ ఆగాను. ఆ పది నిమిషాల్లో వెనక తలుపు లోపలి హ్యాండిల్ ఎవరో పీక్కుపోయారు. అమ్మనడిగితే చూడలేదంది. ఎవరు?"

నేను మెల్లగా వెనక వరుసలోకి జరిగాను.

"ఒక పెద్దాయన కారు దగ్గర నిలబడ్డారు సార్" అన్నాడు వాచ్‌మన్. "ఈ సారుకి క్యారియర్ తెచ్చారు. జేబులో ఏవో గలగలమన్నాయి."

అందరూ నా వైపు తిరిగారు.

"ఎవరాయన?" అన్నారు డైరెక్టరు గారు.

"ఎవరూ కాదు సార్. క్యారియర్లు తెచ్చిచ్చే మనిషి."

"పేరు?"

"తెలీదు సార్."

సరిగ్గా అప్పుడు వినిపించింది, కాంపౌండు గోడకి అవతల గలగల. స్క్రూ రంధ్రం కొలత చూసుకోవడం మరిచిపోయి మళ్లీ వచ్చాడట, తర్వాత తెలిసింది. ఆ చప్పుడు కాసేపు ఒకేచోట ఆగింది. తర్వాత మెల్లగా దూరమైంది. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది.

సాయంత్రం ఇంట్లో అడుగు పెడుతుండగానే బాబాయి లేచి నిలబడ్డాడు.

"సారు వచ్చారు. మంచినీళ్లియ్యవే."

"వీడెప్పుడు సారయ్యాడండీ?" అంది పిన్ని.

"ఇవాళే. నీకు తెలీదులే."

ఎగతాళి లేదు, కోపం లేదు. తిట్టినా బాగుండేది, రెండు చెంపలూ వాయించినా ఇంకా బాగుండేది. "బాబాయ్, పొద్దున ఆఫీసులో..." అని మొదలుపెట్టాను.

"భోజనం చల్లారిపోతోంది సార్."

శనివారం "పేపరు చూస్తారా సార్?" ఆదివారం పొద్దున్నే "పని మీద పోతున్నా సార్" అని బస్సెక్కి, పాత కార్లు విప్పి అమ్మే యార్డుకి పోయాడట. కార్లో దింపుతానంటే, "మీకెందుకు సార్ శ్రమ!" అన్నాడు. చీకటి పడే వేళకి మోచేతుల నిండా గ్రీజుతో, మొహం నిండా వెలుగుతో వచ్చాడు. ఎక్కడికెళ్లావని అడిగే ధైర్యం లేక నేను గదిలోనే కూర్చున్నాను.

సోమవారం మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి గలగల వినిపించింది. కిటికీలోంచి చూస్తే షెడ్డులో డైరెక్టరు గారి కారు, వెనక సీట్లో మళ్లీ డాక్టరు దగ్గరికి బయల్దేరిన వాళ్లమ్మగారు, తెరిచిన తలుపు దగ్గర మోకాళ్ల మీద మా బాబాయి. పక్కన క్యారియర్. నా క్యారియర్ నా దగ్గరే ఉంది. నేను ఆడిన అబద్ధం నిలబెట్టడానికి ఆయన ఉత్తుత్తి క్యారియర్ పట్టుకుని వచ్చాడన్నమాట! పై గిన్నెలో వేణ్ణీళ్లు, కింది గిన్నెలో హ్యాండిల్. ప్లాస్టిక్ పెళుసుగా ఉంటే వేణ్ణీళ్లలో ముంచి బిగించాలట, అప్పుడు విరగదు.

నేను మెట్లు దూకి పరిగెత్తేసరికే వాచ్‌మన్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఆయన తలుపు మూసి లేచాడు. ఎదురుగా డైరెక్టరు గారు.

"గురువారం పీకింది మీరేనా?"

"నేనేనండి."

"ఎందుకు?"

బాబాయి కారులో కూర్చున్న పెద్దావిడ వంక ఒక్కసారి చూశాడు. వెంటనే తల దించేశాడు.

"అలవాటండి" అన్నాడు.

"అలవాటా! పోలీసుల్ని పిలిస్తే తెలుస్తుంది అలవాటో కాదో. ఇంకెవరెవరి కార్లలో పీకారు? మీకిక్కడ తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరండి. క్యారియర్లు తెచ్చిచ్చే మనిషిని."

నన్ను చూస్తూనే అన్నాడు ఆ మాట. చూసీ చూడనట్టు చూపు పక్కకి తిప్పుకున్నాడు, టాక్సీ రోజున నేను ఎరగనట్టు నడిచిపోయినట్టే. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను.

"ఆయన మా బాబాయి సార్" అన్నాను. "నన్ను పెంచిన మనిషి. శుక్రవారం నేను అబద్ధం చెప్పాను."

"కాదండీ, ఈ సారు ఎవర్నో చూసి ఎవరో అనుకుంటున్నారు" అన్నాడు బాబాయి కంగారుగా.

"బాబాయ్!"

"సార్, మీరు పైకెళ్లండి. ఫ్యాన్ల పని చూసుకోండి."

"ఆగండాగండి" అన్నారు డైరెక్టరు గారు నుదురు రుద్దుకుంటూ. "ఈయన మీకు బాబాయా కాదా?"

"అవును" అన్నాను నేను.

"కాదు" అన్నాడు ఆయన.

క్లిక్‌మంది. కారు వెనక తలుపు తెరుచుకుంది, లోపలినుంచి. పెద్దావిడ కీళ్లు వాచిన చేతివేలు ఒక్కటి కొత్త హ్యాండిల్ మీద ఆనించి, ఎవరి సాయమూ లేకుండా కిందికి దిగారు. దిగి, మాకెవరికీ ఏమీ చెప్పకుండా మళ్లీ ఎక్కి కూర్చుని, తలుపు వేసుకుని, మళ్లీ తెరుచుకుని దిగారు.

"ఆ ముక్కు చూడరా, ఆ ముక్కూ చూడు. బాబాయి కాకపోవడమేంటి?" అన్నారు కొడుకుతో. "పీకమన్నది నేనే. ఆ పాత మొండి హ్యాండిల్ నా వేళ్లకి దొరకదు. నువ్వొచ్చి తలుపు తీసేదాకా లోపల మూటలాగా కూర్చోవాలి. ఆర్నెల్లయింది. నీకు రెండుసార్లు చెప్పాను, చిన్న ముక్కే కదమ్మా అన్నావు. గురువారం ఈయన కిటికీలోంచి నా చేతులు చూసి, 'తలుపు రావట్లేదామ్మా?' అని అడిగారు. సోమవారం మళ్లీ ఇక్కడ ఆగుతామని చెప్పి, తలుపు తీసుకోలేకపోతున్నానని ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. సిగ్గేసింది."

"హ్యాండిల్ ఎవరు తీశారని ఆఫీసంతా నిలదీశాను కదమ్మా, అప్పుడైనా చెప్పలేకపోయావా?"

"అప్పుడు ఇంకా సిగ్గేసింది."

ఆ షెడ్డులో నేనొక్కణ్ణే సిగ్గుపడుతున్నాననుకుని తల దించుకున్నాను. ఎత్తి చూస్తే డైరెక్టరు గారూ నేలనే చూస్తున్నారు. వాచ్‌మన్ బాబాయి మోచెయ్యి వదిలేసి, పట్టుకున్న చోట చొక్కా సర్దుతున్నాడు.

"మీ ఉద్యోగం సంగతి తర్వాత" అన్నారు డైరెక్టరు గారు చివరికి. "ముందు మీ బాబాయికి కాఫీ ఇప్పించండి. ఇవాళ్టికి మీకు సెలవు, ఇంటి దగ్గర దింపండి." నాలుగడుగులు వేసి మళ్లీ ఆగారు. "అన్నట్టు, కుడి పక్క తలుపుకి కూడా హ్యాండిల్ కాస్త వదులుగా..."

బాబాయి చెయ్యి అప్పటికే రుమాలు మీదికి వెళ్లింది.

ఇంటికి నా కారులోనే బయల్దేరాం. ఆయన ముందు సీట్లో చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి మలుపులో మూత దభీమంది. మూసేశాడు.

"బాబాయ్, తప్పయిపోయింది."

"రోడ్డు చూడండి సార్."

రెండో మలుపు. దభీ. మూసేశాడు. ఏడాదిగా ఆ మోకాలు ఎన్ని దెబ్బలు తిందో ఆ క్షణాన లెక్క గుర్తొచ్చి నాకు మళ్లీ సిగ్గు ముంచుకొచ్చింది. కారు పక్కకి ఆపేశాను. మూత పట్టుకుని, ఆ అరిగిన కొక్కేన్ని రెండు చేతులా పట్టి లాగాను. రాలేదు. కాలు డ్యాష్‌బోర్డుకి తన్నిపెట్టి లాగాను. ఫట్‌మని ఊడొచ్చింది. అరచేతిలో పెట్టి ఆయన ముందు చాపాను.

"నమూనా" అన్నాను.

బాబాయి ఆ ముక్కని తీసుకుని కళ్లజోడు పైకెత్తి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆయన మొహం ఎర్రబడింది.

"ఒరేయ్ గాడిదా! ఇలాగట్రా పీకేది? రెండు పళ్లూ విరగ్గొట్టావు కదరా! ఇక దీన్ని పట్టుకుని ఏ జత వెతకమంటావురా నన్ను? బుద్ధుందా నీకసలు?"

ఇల్లు చేరేదాకా తిడుతూనే ఉన్నాడు. మూడు రోజుల 'సార్' తర్వాత నాకు ప్రాణం లేచొచ్చింది. కావాలనే దూరం దారిన తిప్పి తీసుకెళ్లాను.