పదడుగుల ఫ్లెక్సు మీద మా అవ్వ

మౌసును రెండంగుళాలు జరిపి, నిండు కల్యాణమండపం ముందు ఇంటిల్లిపాది పరువూ తీసిన మనిషిని ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే.

అప్పుడు పీలమేడులో కాలేజీ రెండో ఏడు. నాలుగు వీడియోలు చూసి ఫోటో ఎడిటింగ్ మొత్తం వచ్చేసిందని మిడిసిపడే రోజులు. తాతకు ఎనభై నిండుతున్నాయని వేడుక పెట్టారు. మండపం వాకిట కట్టే ఫ్లెక్సుకు అవ్వా తాతల పెళ్లి ఫోటో కావాలి. ఉన్నది ఒక్కటే. అదీ వెలిసి వెలిసి నీళ్ల మజ్జిగలా ఉంది. పెళ్లికూతురెవరో, వెనక గోడేదో తెలీదు.

"స్టూడియోలో ఇస్తాము" అన్నాడు చిన్నాయన.

"నేను లేనా చిన్నాయనా?" అన్నాను. నోరు కదా, ఊరుకోదు.

అవ్వ ఫోటోను కొంగుతో తుడిచి ఇచ్చింది. "పదిలం కణ్ణూ. నేను అందంగా పడిన ఫోటో ఇదొకటే."

స్కాన్ చేసి కర్వ్ తెరిచాను. కర్వంటే ఏం లేదండీ, పెట్టెలో ఏటవాలు గీత. కింది భాగాన్ని కిందికి లాగితే నీడలు నల్లబడతాయి, పై భాగాన్ని పైకెత్తితే వెలుగులు తెల్లబడతాయి. కొంచెం లాగాను, తాత కళ్లు కనిపించాయి. ఇంకొంచెం లాగాను, అవ్వ మెడలో అడ్డిక మెరిసింది. అక్కడ ఆగుంటే ఈ కథే లేదు. గీత పాములా మెలి తిరిగేదాకా లాగాను.

పక్కనున్న స్నేహితురాలు కవిత, "నీడలు మరీ నల్లగా అయినాయే. ముఖం పెద్దది చేసి చూడు" అంది.

"నగలు చూడవే, ఎట్లా మెరుస్తుండాయో!" అని ప్రింటుకు పంపేశాను.

వేడుకనాడు పొద్దున్నే చిన్నమనూరు చుట్టాలు వ్యాను దిగారు. తాత చెల్లెలు వాకిట్లోనే నిలబడిపోయింది.

"ఇదేందమ్మా, పెళ్లికొడుక్కి నున్నటి మూతి, పెళ్లికూతురికి మీసం?"

తలెత్తి చూశాను. అవ్వ ముక్కు కింద ఉండిన చిన్న నీడ, జానెడు మీసమై గుబురుగా కూర్చుంది. చిన్నాయన నిచ్చెన కోసం పరుగెత్తాడు. నేను స్తంభం చాటున ఏడుపు లంకించుకున్నాను. అందంగా పడిన ఒకే ఒక్క ఫోటో అంది కదా!

అవ్వ పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని వచ్చి, ఫ్లెక్సును చాలాసేపు చూసింది.

"ఏమండీ, చూస్తిరా?" అంది తాతతో.

తాత కళ్లజోడు పెట్టుకుని, అటునుంచీ ఇటునుంచీ చూశాడు. "సరిగ్గానే ఉండాదే! యాభై ఏడేండ్లుగా ఈ ఇంట్లో మీసం ఎవరిదో నేను బయట చెప్పుకోలేదు. పిల్ల చెప్పేసింది."

మండపం ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది అవ్వే. "నిచ్చెన తీసుకుపోరా, అది అట్లే ఉండనీ" అని నన్ను దగ్గరికి లాక్కుని కళ్లు తుడిచింది.

అందుకే పదిమంది ముందు ప్రమాణం చేస్తున్నాను. నా మౌసు మీద ఒట్టు. ఇకమీదట ఏ ఇంటి ఆడబిడ్డ ఫోటోలోనైనా సరే, మూతి దగ్గర పెద్దది చేసి మూడుసార్లు చూడనిదే కర్వు జోలికి పోను.