వేలిముద్ర మల్లయ్య

చొక్కా కాలిన వాసన ఇంకా గదిలోనే ఉంది. శుక్రవారం కదా అని ఖతర్‌లో, ఉమ్ ఘువైలినాలోని మా గదిలో ఇస్త్రీ చేసుకుంటూ, ఎవరో వాట్సాప్‌లో పంపిన చిన్న డాక్యుమెంటరీ పెట్టాను. ఉత్తర తెలంగాణలో కూలీల సంఘం నడిపి, ఈమధ్యే కన్నుమూసిన ఒక నాయకుడి జీవితం అది. పాత వీడియోలో ఆయన కరపత్రం గడగడా చదువుతున్నాడు. ఆ గొంతు విని ఇస్త్రీపెట్టె చొక్కా మీదే మరిచిపోయాను. ఆయన మా మల్లయ్య. మా కూలీల క్యాంప్‌లో పదేళ్లు వేలిముద్ర వేసిన మల్లయ్య.

అప్పట్లో నేను ఆ క్యాంప్ నడిపే కంపెనీలో గుమాస్తాను. గోదావరి జిల్లా నుంచి వచ్చి, ఇంగ్లీషు వచ్చన్న పొగరుతో ఉండేవాణ్ణి. కాగితాలు పంచి సంతకాలు పెట్టించడం నా పని. అందరూ చూడకుండా పెట్టేసి పోయేవారు. మల్లయ్య ఒక్కడే కదిలేవాడు కాదు.

"మనకు సదువు రాదు సారూ. జర గట్టిగ సదివి చెప్పుండ్రి."

"చెవుడు కూడానా మల్లయ్యగారూ?" అని వెటకారం చేసేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. నేను విసుక్కుంటూ తెలుగు చేసి చదువుతుంటే, భోజనాల హాల్లో తింటున్నవాళ్లంతా ప్లేట్లతోనే చుట్టూ చేరేవారు.

ఒకరోజు వచ్చిన కాగితాన్ని నేనూ ముందుగా చూసుకోలేదు. మా ఇష్టప్రకారమే ఇంటికి వెళ్తున్నాం, కంపెనీ మీద ఏ ఫిర్యాదూ లేదు, అని చదివేసరికి నోరు ఎండిపోయింది. ఇంటికి పోతామని అక్కడ ఎవరూ అడగలేదు.

"నీళ్లు తాగి మల్ల సదువుండ్రి సారూ," అన్నాడు మల్లయ్య.

మళ్లీ చదివాను. ఆ రోజు ఒక్క సంతకం కూడా పడలేదు. వారం తిరక్కుండా మల్లయ్యను ఒక్కణ్ణే ఇంటికి పంపించేశారు. డ్రైవర్ యల్లా యల్లా అని తొందరపెడుతుంటే నా చెయ్యి పట్టుకుని, "మీ గొంతు మంచిగుంటది సారూ, దాచుకోకుండ్రి," అన్నాడు. నేను తల ఊపానంతే.

డాక్యుమెంటరీలో చెప్పారు, ఖతర్ రాకముందే ఊళ్లో రాత్రిబడి పెట్టి కూలీలకు చదువు చెప్పిన మనిషట. నన్నెంత తెలివిగా బురిడీ కొట్టించాడు! మొదట కోపం వచ్చింది. ఆ తర్వాత సిగ్గుతో చచ్చిపోయాను. తనే చదివితే వాళ్లకు మాత్రమే తెలిసేది. నా చేత చదివించాడు కాబట్టి, నేనేం పంచుతున్నానో నాకూ వినబడింది.

డాక్యుమెంటరీ చివర్లో ఆయన కూతురు కనిపించింది. "దుబాయ్ పోయినంక బాపు సంఘం ఇడిశిపెట్టి గమ్మున బతికిండంటరు. గాడ ఆయన ఏం జేసిండో ఎవలకన్న తెలిస్తే చెప్పుండ్రి," అని తన నంబరు ఇచ్చింది. గల్ఫ్‌లో ఎక్కడికెళ్లినా వాళ్ల ఊళ్లో దుబాయే.

ఇప్పుడు నేను ఇక్కడే, అల్ సద్‌లో పెద్ద ఆఫీసులో పనిచేస్తున్నాను. ఆయన సంగతి చెప్పాలంటే నా సంగతీ చెప్పాలి. కాలిన చొక్కా పక్కన పడేసి ఫోన్ చేశాను.

"ఖతర్ నుంచమ్మా. క్యాంప్‌లో మీ నాన్నగారికి కాగితాలు చదివిపెట్టేవాణ్ణి."

"బాపుకు సదివిపెట్టుడేంది?" అందామె.

అంతా చెప్పాను. అయ్యాక ఆమె అడిగింది.

"బాపును బండెక్కిస్తుంటే మీరేమన్నరు సారూ?"

"ఏమీ అనలేదమ్మా."