మైలుతుత్తం వేయని బంకతో కట్టిన అమెరికా స్టేషను

అందరూ బాగున్నారా? సరోజక్కా, నీ మోకాలి నొప్పి తగ్గిందా, నూనె రాస్తున్నావా లేదా? తమ్ముడూ నారాయణా, షుగరు చూపించుకున్నావా? ఇక్కడ చదివే మిగతావాళ్ళూ, మీ పిల్లలూ కులాసానే కదా... వానలు పడుతున్నాయి, నీళ్ళు కాచి తాగండి. నేను బీపీ మాత్ర వేసుకున్నానో లేదో అనుకుంటూనే ఇది రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... నాన్న ఒక చిన్న రైల్వే స్టేషనులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. నాపరాతి గోడలు, పెంకుల కప్పు, కమాను వాకిలి, లోపల ఒక గోడ గడియారం... అంతే స్టేషను. రైళ్ళ వేళలు మారినప్పుడల్లా కొత్త కాగితం అంటించడం నాన్న పని. అమ్మ మైదాపిండి ఉడికించి ఇస్తే అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవాడు. ఆ నీలం పొడి వేస్తే చీమలు ముట్టవు. "విషం అది, చేతులు కడుక్కోపోండి" అని మా ముగ్గురినీ, సరోజక్కనీ నన్నూ నారాయణనీ, తరిమేవాడు. నేను మూడుసార్లు కడుక్కునేదాన్ని... అయినా ముద్ద నోట్లో పెట్టాలంటే భయమే.

తొంభైలలో నేను ఖతర్ పోయాను, దోహాలో ఒక ఇంట్లో పనికి. ఆ ఇంటి పాప నూరాకు తొమ్మిదేళ్ళు. రైలును కళ్ళతో చూడని పిల్ల... అప్పట్లో ఆ దేశంలో మనుషులెక్కే రైలే లేదు. అమెరికాలో చదువుకునే మేనమామ పాత రైల్వే స్టేషన్ల బొమ్మల పుస్తకం పంపాడు. బడిలో ఏదైనా కట్టడం చేసి తెమ్మన్నారని పాప అందులో ఒక స్టేషను చూపించింది.

అబ్బా, ఏం స్టేషను! బయట వరసగా రాతి స్తంభాలు, ఒక్కొక్కటీ నలుగురు చేతులు కలిపినా అందనంత లావు. లోపల ఇనుప కమానుల మీద అద్దాల కప్పు, అందులోంచి ఎండ చారలు చారలుగా మెట్ల మీద పడుతోంది. జనం కూర్చునే హాలు ఎంత ఎత్తంటే, మా స్టేషన్లు నాలుగు పేర్చినా కప్పు అందదు. పూర్వం రోము రాజులు కట్టించిన స్నానశాలల్ని చూసి ఆ హాలు కట్టారని పాప చదివి, సగం హిందీ సగం అరబ్బీలో చెప్పింది. నా దిగులు నాది... అంత ఎత్తున బూజు ఎవరు దులుపుతారు? ఒక్క అద్దం జారితే కింద చంటిబిడ్డల తల్లుల గతేం కాను?

"లచ్మీ, నువ్వు స్టేషన్లో పెరిగావు కదా, నువ్వే కట్టాలి. యల్లా, మొదలుపెట్టు!" అంది పాప.

ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె గోడలయింది. కాగితం చుట్టలు స్తంభాలయ్యాయి. పాలడబ్బా మూత గడియారం. మేడమ్, అంటే పాప తల్లి, అంగడి నుంచి గమ్ము తెప్పిస్తానంది. నేనే పెద్ద తెలిసినదానిలా "వద్దు మేడమ్, మా నాన్న బంక పట్టిందంటే ఊడదు" అన్నాను. బంక కాచాను... మైలుతుత్తం మాత్రం వేయలేదు. పాపకు గోళ్ళు కొరికే అలవాటు. ఆ వేళ్ళకు విషం అంటితే?

అక్కడ గురువారం, శుక్రవారం సెలవు. అందరం అల్ షహానియాలో వాళ్ళ ఒంటెల దగ్గరికి వెళ్ళాం. నా ధ్యాసంతా స్టేషను మీదే... శుక్రవారం సాయంత్రం వచ్చి తలుపు తీస్తే, స్తంభాలు ఒరిగిపోయాయి, కప్పు హాల్లోకి కూలింది. ప్రతి అతుకులోనూ చీమల బారు. తెల్లారితే బడి!

సామాను దించుతున్న డ్రైవరు ఓబులేసు, మా రాయచోటి వైపు మనిషే, చూసి పకపకా నవ్వాడు.

"ఏమక్కా, టేసను కడతాండావనుకుంటి, చీమలకు సద్ది కట్టినావే!"

"ఊరుకోబ్బా, నా పానం పోతాంటే నీకు ఎగతాళిగా ఉందా? రేపే నన్ను ఇమానం ఎక్కిస్తారు సూడు."

నాకు ముందున్నామెను ఒక పూలకుండీ పగలగొట్టినందుకే పంపేశారని విని ఉన్నాను. ఇంట్లో నా ఇద్దరు పిల్లలూ నా జీతం మీదే చదువుతున్నారు...

మేడమ్ "లేష్?" అంది, ఎందుకిలా అయిందని. దాచలేకపోయాను. "మందు వేయలేదు మేడమ్. అది విషం. పాప గోళ్ళు కొరుకుతుంది..." అన్నాను. మేడమ్ పాప వేళ్ళ వైపు చూసింది. నన్ను పంపలేదు.

పాప ఏడవకపోవడం చూసి నాకు ఇంకా భయమేసింది. లోపలికి పోయి పుస్తకం తెచ్చి చివరి పేజీలు తిప్పింది. అదే స్టేషను... కప్పు లేదు, స్తంభాలు నేల మీద. కట్టి యాభై ఏళ్ళు దాటాయో లేదో పడగొట్టేశారట. పైనున్న రాతి బొమ్మల్ని బురదనేలలో పారబోశారట. ఆ తర్వాత జనం అయ్యో అనుకుని, మిగిలిన పాత కట్టడాలనైనా కాపాడుకోవాలని పట్టుబట్టారట.

"మాఫీ ముష్కిల్ లచ్మీ, ఏం కాదు. ఇది పడగొట్టిన స్టేషనని చెప్తా" అంది పాప. చీమల్ని దులిపి, కూలిన కప్పును అట్లాగే ఉంచి పొద్దున్నే తీసుకెళ్ళింది. పాలడబ్బా గడియారం ఒక్కటే నిలబడి ఉంది.

బహుమతి రాలేదు. కానీ ఆ పొద్దున కారెక్కుతూ పాప అడిగిన మాట మరిచిపోలేను. "పడగొట్టే ముందు ఎవరైనా ఒక్కసారి వెళ్ళి చూసొచ్చారా?"

చున్నీ సర్ది పంపించేశాను.

ఇప్పుడు దోహాలో భూమి కింద రైళ్ళు నడుస్తున్నాయట. నూరా పిల్లలు ఎక్కి తిరుగుతుంటారేమో... ఆ పిల్ల గోళ్ళు కొరకడం మానిందో లేదో. ఇక్కడేమో మా నాన్న స్టేషను పడగొట్టి కొత్తది కడతారని విన్నాను. విన్నప్పటి నుంచి నిద్ర లేదు. ఆ గోడ మీద నాన్న బంక మరకలు ఉన్నాయో, సున్నం కొట్టేశారో...

మీ ఊళ్ళో పాత స్టేషను ఉంటే, ఉండగానే చూసి రండి. అక్కడ మీకేం గుర్తుందో కింద రాయండి, చదువుతాను.

అక్కా, నువ్వు మోకాలికి పట్టీ కట్టుకో. నారాయణా, బిస్కెట్లు జేబులో పెట్టుకో. పండగైనాక చూద్దాం అనొద్దు, అప్పటికి ఉంటుందో లేదో... వచ్చే నెల పన్నెండు, ఆదివారం, పొద్దున ప్యాసింజరుకు ముగ్గురం నాన్న స్టేషను కమాను వాకిట్లో దిగుతున్నాం.