కొత్త గిన్నె చివర్నే

పలాసలో జీడిపప్పు ఏరే పెద్దతల్లి గురించి చెప్పాలంటే ముందు నా బుద్ధితక్కువ పని చెప్పుకోవాలి.

2006లో సూర్యారావు గారి జీడి ఫ్యాక్టరీకి వెబ్‌సైట్ చేశాను. డబ్బాలో ఏ రకం పప్పు ఉందో కంప్యూటర్ అంకెగా దాచుకుంటుంది. కొనేవాళ్లకు అంకె చూపిస్తే ఏం అర్థమవుతుంది? అందుకని తెర మీద దాన్ని పేరుగా మార్చే పట్టిక రాశాను. సున్నా అంటే విరగని పెద్ద గుండు, ఒకటి చిన్న గుండు, రెండు బద్ద, మూడు ముక్క. పట్టికలో వరసను బట్టే అంకె.

కొన్నాళ్లకు మాడిన గుండు అనే రకం చేర్చమన్నారు. గుండ్లన్నీ ఒకచోట ఉంటే బాగుంటుందని పెద్ద గుండు కిందనే దూర్చేశాను. చూడముచ్చటగా ఉందని మురిసిపోయాను కూడా.

మర్నాడే ఇచ్ఛాపురం వ్యాపారి సైట్లో తన డబ్బాల రకం చూసి ఫోన్ చేసి, మాకు మాడిన పప్పు అంటగడతారా అని మండిపడ్డాడు. ఆ డబ్బాలు ఏరింది పెద్దతల్లి. ముప్పై ఏళ్లుగా సుమ్మాదేవి నుంచి రైల్లో వచ్చి ఆ పీట మీదే కూర్చుంటోంది.

"నీకు సూపు పోనాది పెద్దతల్లీ. రేపట్నుంచి రాకు," అన్నారు సూర్యారావు గారు, నా ముందే.

ఆవిడ ఏడవలేదు. "సూపెందుకు బాబూ?" అని కళ్లు మూసుకుని పప్పు ఏరడం మొదలెట్టింది. ముందు వరసగా ఉన్న గిన్నెల్లో గుండు గుండులో, బద్ద బద్దలో, ముక్క ముక్కలో పడుతున్నాయి. ఒక్కటీ తప్పలేదు.

మాడినవాటిని కూడా ఏరి చూపిస్తుందేమోనని ఖాళీ గిన్నె ఒకటి తెచ్చి వరస మధ్యలో పెట్టబోయాను. చప్పుడికి కళ్లు తెరిచి నా చెయ్యి పట్టుకుంది.

"మద్దిలో ఎట్టకు బాబూ! కొత్త గిన్ని సివర్నే ఎట్టాల. మద్దిలో ఎడితే ఆ తర్వాతవన్నీ జరిగిపోవా? సెయ్యి పాత సోటుకే ఎల్తాది."

పట్టికలో నేను చేసింది అచ్చంగా అదే. ఒకటి అంకె ఉన్న చిన్న గుండు డబ్బాలన్నిటికీ నా పట్టిక మాడిన గుండని పేరు పెట్టేసింది. కాలేజీలో ఎవరూ నేర్పని సంగతి ఆవిడ చేతికి ఎప్పుడో తెలుసు.

"తప్పు నాదేనండి. పప్పు మంచిదే," అన్నాను, అందరి ముందూ.

సూర్యారావు గారి కోపం నా మీదికి తిరిగింది. "లెగు త్రినాథూ, నీ సైటూ వద్దు, నువ్వూ వద్దు."

"ఉండనీండి బాబూ," అంది పెద్దతల్లి. "ఆ బాబు నోరిప్పకపోతే ఈ పాటికి నాను రైలెక్కేసుందును."

ఆవిడ ముఖంలోకి చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు.