నల్ల ఒరల ఓరిన్

ఓరిన్ ట్వేట్‌కి తోలుపని నేర్పిన గురువు లేడు. ఆ మాట అతను అడిగినవాళ్ళకూ చెబుతాడు, అడగనివాళ్ళకూ చెబుతాడు. మా డ్రై ఫోర్క్‌లో నాది దాణా కొట్టు. గుర్రాల దాణా, పశువులు నాకే ఉప్పుదిమ్మలు, ముళ్ళతీగ, చేతితొడుగులు అమ్ముతాను. గల్లాపెట్టె వెనక గోడకు అతను కుట్టిన పిస్తోలు ఒరలు, కత్తి ఒరలు వేలాడుతుంటాయి. అవి అక్కడ వేలాడబట్టి పదకొండేళ్ళయింది కనుక అతని గురించి చెప్పే హక్కు నాకు కాస్త ఉందనుకుంటాను. లేదనేవాళ్ళు వచ్చి నా ఎదురుగా అనమనండి.

అంతకుముందు అతను గాలిమరలు బాగుచేసేవాడు. వయోమింగ్‌లో ఈ మూల పశువులు గుక్కెడు నీళ్ళు తాగాలంటే గాలిమర తోడిపెట్టాల్సిందే. నలభై ఏడో ఏట ఒక మర మీంచి కిందపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ చలికాలమంతా వంటింట్లో కుర్చీకి అతుక్కుపోయాడు. అతని భార్య లవోన్ నా కొట్టుకు వచ్చి, "ఈ మనిషి ఇంకో నెల ఇలాగే కూర్చుంటే ఆ రెండో తుంటి నేనే విరగ్గొడతాను వెర్లా" అనేది. నాకు నవ్వొచ్చేది. ఆమెకు వచ్చేది కాదు.

పొద్దుపోక, కుట్లు ఊడిన తన పాత పిస్తోలు ఒరను విప్పదీశాడు. ఏ ముక్క మీద ఏ ముక్క ఎక్కిందో చూసి, కిరాణా సామాను తెచ్చిన కాగితపు సంచి మీద గీసుకున్నాడు. కుట్లు సమాన దూరంలో పడడానికి లవోన్ భోజనాల ఫోర్కుతో తోలు మీద గాట్లు పెట్టాడు. ఆ గాట్లలో తోలు గుచ్చే ఆరెతో పొడిచి, మైనం పట్టించిన దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి అటూ ఇటూ లాగాడు. మూడు వారాలు పట్టింది. తీరా చూస్తే, కాగితాన్ని తిరగేసి పెట్టి కోయడం వల్ల ఎడమచేతివాటం వాడికి సరిపోయే ఒర తయారైంది. ఊళ్ళో ఎడమచేతివాటం మనిషి మా ఆయన ఒక్కడే. పిలిచి ఊరికే ఇచ్చేశాడు. మా ఆయన పోయేదాకా అదే కట్టుకున్నాడు.

తర్వాత చెయ్యి కుదిరింది. తడిపిన తోలును పిస్తోలు చుట్టూ వేళ్ళతో నొక్కి ఆరబెడితే ఆ ఒర ఆ పిస్తోలుదే. పక్కింటివాడిది అందులో దూరదు. మా ఊరవతల రాళ్ళగుట్టల దగ్గర నెలకు రెండు శనివారాలు పాతకాలపు వేషాలు కట్టుకుని ఇనుపరేకుల మీద తుపాకులు పేల్చే జనం ఉన్నారు. ఆ పూటకు పళ్ళ డాక్టరు షెరీఫ్ అవుతాడు, పోస్టాఫీసు గుమాస్తా బందిపోటు అవుతాడు. సోమవారం పొద్దున మళ్ళీ ఎవరి కుర్చీలో వాళ్ళు. వీళ్ళ నడుములకన్నిటికీ ఓరిన్ ఒరలే. రాంచ్‌ల మీద పనిచేసేవాళ్ళకు కత్తి ఒరలు. ఎవరి ఒరకు గీసిన కాగితం మీద వాళ్ళ పేరు రాసి తను పనిచేసే షెడ్డులో తగిలించుకునేవాడు.

మంచి పనివాడే. కానీ ఒకరిని అడగడమంటే నామోషీ. ఎవరైనా సలహా చెప్పబోతే, "నేను చూసి పట్టేస్తాను" అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆ పొగరు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నాలుగేళ్ళ కిందట ఆగస్టులో కౌంటీ సంతకు వెళ్ళాడు. అక్కడొక ముసలాయన, జీనులు చేసే పనివాడు, తోలును నల్లబరుస్తున్నాడు. జాడీలో వెనిగర్, అందులో నానేసి కరిగించిన ఇనుపపీచు. ఆ నీళ్ళు పూయగానే లేతరంగు తోలు చూస్తుండగానే బొగ్గులా అయిపోయిందట. పైపూత కాదు, లోపలిదాకా నలుపే. ఆయన పక్కన ఒక బకెట్ నీళ్ళు కూడా ఉన్నాయి. చేతులు కడుక్కునే నీళ్ళనుకున్నాడు ఓరిన్. ఇదేమిటయ్యా అని నోరు తెరిచి ఒక్క మాట అడగొచ్చుగా? అబ్బే! ముసలాయన ఆ బకెట్ జోలికి వెళ్ళకముందే, అంతా పట్టేశాననుకుని ఇంటికొచ్చేశాడు.

మంచు పడేలోగా పంతొమ్మిది నల్ల ఒరలు కుట్టాడు. జనం ఎగబడ్డారు. అన్నిటికన్నా మొదటిది క్లెమ్ హాగ్లండ్ కత్తికి కుట్టినది. క్లెమ్‌కి అప్పటికి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఏటి అవతల రాంచ్ ఆయనది. ఆ కత్తిని ఆయన తండ్రి గుర్రపు డెక్కలు రాసే ఆకురాయిని కాల్చి సాగ్గొట్టి చేశాడు. తన తర్వాత అది కొడుకు వేడ్‌దేనని క్లెమ్ నలుగురిలోనూ చెప్పుకునేవాడు. తల్లి లేని పిల్లాడని పెంచి, ముప్పయ్యారేళ్ళు వచ్చినా పక్కనే పెట్టుకున్న ఒక్కగానొక్క కొడుకు.

ఏప్రిల్‌లో క్లెమ్ నా కొట్టులోకి వచ్చి ఆ కత్తిని ఒరలోంచి లాగి బల్ల మీద పడేశాడు. రెండు పక్కలా పొక్కులు పడి తినేసినట్టుంది.

"చూడు వెర్లా, మావాడి నిర్వాకం! నవంబరులో వేటాడిన ఎల్కు దుప్పిని కోయడానికి పట్టుకెళ్ళాడు. నెత్తురు తుడవకుండా అలాగే ఒరలో దోపేసి మేకుకు తగిలించాడు. అడిగితే కడిగాను, నూనె రాశాను అంటాడు. నా మొహం మీదే అబద్ధం!"

"ఏమన్నావేంటి వాణ్ణి?" అన్నాను.

"అనాల్సిందే అన్నాను. మా నాన్న వస్తువు ముట్టుకునే యోగ్యత నీకు లేదు పొమ్మన్నాను. జనవరిలో పెట్టె సర్దుకుని పోయాడు. అవతలి కౌంటీలో ఎవడి పశువులనో కాస్తున్నాడట. కాసుకోనీ."

ఆ పూట ఓరిన్ నా కొట్టులోనే ఉన్నాడు. కత్తిని తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. నెత్తురు వల్ల తుప్పుపడితే పిడి మొదట్లో పట్టాలి. అక్కడ శుభ్రంగా ఉంది. తోలు ఎక్కడెక్కడ ఆనుకుందో అక్కడల్లా పొక్కులే. ఒరను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. రెండూ క్లెమ్ చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

"వీడికేమైంది?" అన్నాడు క్లెమ్. నాకేం తెలుసు?

మర్నాడు ఓరిన్ వచ్చి చెప్పాడు. సంతలో ముసలాయన పంచిన కార్డు వెతికి తీసి, జన్మలో మొదటిసారి ఒకరికి ఫోన్ చేసి అడిగాడట.

"నల్లబడ్డాక సోడా నీళ్ళలో ముంచావా?" అన్నాడట ముసలాయన.

"ఏ సోడా నీళ్ళు?"

"పక్కన బకెట్ పెట్టుకునే కూర్చున్నాను గదయ్యా! వంటసోడా కలిపిన నీళ్ళవి. ముంచకపోతే ఆ పులుపు తోల్లోనే ఉండిపోయి ఇనుమును తింటుంది. సోడాతోనే అది చస్తుంది. అంతసేపు నిలబడ్డావు, అడిగితే నీ సొమ్మేం పోయింది?"

ఇది చెప్పి ఓరిన్ దాణా బస్తా మీద కూలబడ్డాడు. నాకు ముందు భయం వేసింది, ఆ వెంటనే కోపం వచ్చింది. ఆ పంతొమ్మిదీ నా కొట్టులోంచి పోయినవే.

"నోరు మూసుకుని ఊరుకో. రంగు మారుస్తున్నానని చెప్పి నల్లవి వెనక్కి తెప్పించుకో, గోధుమరంగువి కుట్టివ్వు. ఎవరి తుపాకీకి తుప్పుపట్టినా వాళ్ళు తమ బద్ధకమే అనుకుంటారు. ఎవడికి తెలిసొస్తుంది?" అన్నాను.

"మరి వేడ్?"

"తండ్రీకొడుకుల మధ్య నువ్వెందుకయ్యా? వాళ్ళకి ఈ కత్తి కాకపోతే ఇంకో వంక దొరికేది."

"దొరికిందేమో. కానీ దొరికింది ఇది కదా వెర్లా."

"నీకు మతి పోయింది. ఊరంతా తిరిగి నా పని చెడ్డపని అని దండోరా వేసుకుంటావా? రేపట్నుంచి నీ ఒర ఎవడు కొంటాడు?"

ఆ వారమే షెడ్డులోని కాగితాల మీది పేర్లు చూసుకుంటూ, కుంటుకుంటూ ఇంటింటికీ బయల్దేరాడు. వెళ్ళిన ప్రతిచోటా ఒకటే మాట: "తప్పు నాది. నాకు తెలీక చేశాను, అడక్క చేశాను." పళ్ళ డాక్టరు తన పిస్తోలు తీసి చూసుకుని నానా తిట్లూ తిట్టాడు. గుమాస్తా మాత్రం, నా పిస్తోలుకు రోజూ నూనెతో స్నానం చేయిస్తాను దానికేం కాలేదు, ఇవ్వను పొమ్మని ఒరను గుండెకు హత్తుకున్నాడట. చివరికి ఓరిన్ అక్కడే కూర్చుని దాన్ని ఆయన వంటింటి తొట్లోనే సోడా నీళ్ళలో ముంచి ఇచ్చి వచ్చాడు. ఇలా పద్దెనిమిది ఇళ్ళు తిరిగాడు. క్లెమ్ ఇల్లు మాత్రం మిగిలిపోయింది. రెండుసార్లు ఏటి వంతెన దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడని లవోన్ చెప్పింది. పద్దెనిమిది చోట్ల తిట్లు తిన్నవాడు పంతొమ్మిదోచోట ఎందుకు జంకాడో నాకు తెలుసు. అక్కడ పాడైంది ఇనుము ఒక్కటే కాదు.

మే నెలలో దూడలకు, ఎవరి మందవో తెలిసేలా, కాల్చిన ఇనుముతో ముద్రలు వేస్తాం. ఒకరి మంద పని పడితే ఇరుగుపొరుగంతా వెళ్ళాలి. తాళ్ళు ఎవరైనా వేయొచ్చు, కాళ్ళు ఎవరైనా పట్టుకోవచ్చు, ముద్ర ఇనుము మాత్రం మంద యజమాని చేతిలోనే ఉంటుంది. ఆఖరి దూడ లేచి తల్లి దగ్గరికి పోయేదాకా ఆయన మంట దగ్గర నుంచి కదలకూడదు. క్లెమ్ యాభై ఏళ్ళలో ఒక్కసారీ కదల్లేదు. ఆ రోజు ముప్పైమంది దాకా ఉన్నాం. వేడ్ లేడు. వాడు చేసే పని ఇద్దరు మనుషులకు పడింది.

మధ్యాహ్నం ఓరిన్ మంట దగ్గరికి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"క్లెమ్, నీ కత్తిని తిన్నది నా ఒర. వేడ్ కాదు. నల్లబడ్డాక తోలును సోడా నీళ్ళలో ముంచాలి. నేను ముంచలేదు. ముంచాలని తెలీదు, తెలుసుకోలేదు. వాడు అబద్ధమాడాడని నువ్వు అందరికీ చెప్పావు గనక నేనూ అందరి ముందే చెబుతున్నాను."

తాడు వేస్తున్నవాళ్ళు ఆగిపోయారు. క్లెమ్ చేతిలో ఇనుము ఎర్రగా కాలి ఉంది. నిజం చెప్పొద్దూ, అది ఓరిన్ మీదికి లేస్తుందేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"నువ్వట్రా?" అన్నాడు క్లెమ్. "మా నాన్న కత్తిని... నువ్వట్రా?"

"నేనే."

"అయితే వాడు కడిగానన్నది?"

"కడిగే ఉంటాడు."

"నూనె రాశానన్నది?"

"రాసే ఉంటాడు క్లెమ్. రాయబట్టే ఆ మాత్రమైనా మిగిలింది."

ముసలాయన ఇనుమును మంటలో పెట్టాడు. చేతితొడుగు విప్పాడు, మళ్ళీ తొడుక్కున్నాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ రాలేదు. ఇన్నేళ్ళలో క్లెమ్‌ని అంత ముసలివాడుగా నేనెప్పుడూ చూడలేదు.

"అయితే నువ్వే వెళ్ళి వాడితో చెప్పు," అన్నాడు. "తప్పు నీది గదా."

"కత్తి పాడుచేసిన తప్పు నాది, చెప్పేశాను. యోగ్యత లేదన్న మాట నాది కాదు. అది నువ్వే చెప్పుకోవాలి."

"వాడేమంటాడో!"

"తెలీదు. ఇక్కడికి వచ్చేటప్పుడు నువ్వేమంటావో నాకూ తెలీదు."

క్లెమ్ చుట్టూ చూశాడు. ఇంకా నలభై దూడలు దొడ్లో అరుస్తున్నాయి. దగ్గర్లో నేనున్నాను. ఇనుమును మంటలోంచి తీసి దాని కర్ర నా చేతిలో పెట్టి, "నిలువుగా పట్టుకో, లాగొద్దు" అన్నాడు. ట్రక్కు ఎక్కి అవతలి కౌంటీ దారి పట్టాడు.

ఆ రోజు వేడ్ రాలేదు. జులైలో గడ్డి కోతలకు వచ్చాడు, మరి వెళ్ళలేదు. పొక్కులు పడిన ఆ కత్తి ఇప్పుడు వాడి నడుముకే ఉంది. ఓరిన్ ఒరలు మునుపటికన్నా ఎక్కువే పోతున్నాయి. ఎవడు కొంటాడు అన్నాను చూడండి, ఆ మాటా తప్పే అయింది.

ఆ మిగిలిన నలభై దూడలకూ హాగ్లండ్ ముద్ర నేనే వేశాను. ఓరిన్ కిందకూర్చుని కాళ్ళు పట్టుకున్నాడు. సాయంత్రం దాకా ఇద్దరం మూరెడు ఎడంలో ఉన్నాం. నోరు మూసుకోమన్నది తప్పయ్యా అని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. చెప్పలేదు. వారం వారం కొట్టుకు వస్తాడు, ఒరలు తగిలిస్తాడు, వాతావరణం గురించి మాట్లాడతాడు, వెళ్తాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలాయన ఒక్క పూటలో ట్రక్కెక్కి వెళ్ళి చేసొచ్చిన పనిని నేను ఈ కొట్టులో కూర్చుని మూడేళ్ళుగా చేయలేకపోతున్నాను.