చీరల వ్యానులో మారేడుమిల్లికి

మొన్న విశాఖలో ఉన్న మా అమ్మాయి నా ఫోనుకి ఒక వీడియో పంపించింది. చిన్న బస్సంత బండి, అందులోనే మంచాలు, ఫ్రిజ్జు, ఏసీ, స్నానాల గది. దాన్ని కారవాన్ అంటారట. అద్దెకు తీసుకుని పిల్లలతో మారేడుమిల్లి అడవిలో రెండు రోజులుండి వద్దామనీ, నన్నూ తయారుగా ఉండమనీ కబురు. చూసి నవ్వుకున్నాను. పాతికేళ్ళకు పైమాటే, అలాంటి బండిలోనే మేం ఆ అడవికి వెళ్ళాం. అప్పుడు మా అమ్మాయికి ఏడేళ్ళు, ఎంత గుర్తుందో నాకు తెలియదు. ఆ ప్రయాణమే లేకపోతే మాత్రం మా ఇంట్లోనే ఉన్న ఒక మనిషిని నేను శాశ్వతంగా పోగొట్టుకుని ఉండేదాన్ని.

అప్పట్లో మా కాపురం పెనుగొండలో. అత్తయ్యగారు, బావగారు, ఆయన భార్య, మా వారు, నేను, మా అమ్మాయి, అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. బావగారు ఉప్పాడ నుంచి నేత చీరలు తెచ్చి చుట్టుపక్కల ఊళ్ళ దుకాణాలకు వేసేవారు. నేను పొద్దున్నే బస్సెక్కి పక్క ఊరి హైస్కూల్లో పాఠాలు చెప్పి సాయంత్రం చీకటి పడేవేళకు ఇల్లు చేరేదాన్ని కాబట్టి మా అమ్మాయిని నిజానికి పెంచింది మా తోడికోడలే. ఆవిడను నేను అక్కయ్యా అనే పిలిచేదాన్ని. వాళ్ళకు పిల్లలు లేరు. మా పిల్ల కూడా నా దగ్గరకన్నా వాళ్ళ పెద్దమ్మ దగ్గరే ఎక్కువ పేచీలు పెట్టేది. తన మాట చెల్లేచోటు ఏదో పిల్లలకు బాగా తెలుసు కదా.

ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి పిల్ల చేతికి పిండికట్టు ఉంది. మేడమెట్ల మీంచి పడిందట. అక్కయ్య అప్పటికే రిక్షాలో డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి, కట్టు వేయించి, తీసుకొచ్చి పడుకోబెట్టి, పక్కన కూర్చుని విసురుతోంది. నేను చెప్పులైనా విప్పలేదు. అలసటో, భయమో, పిల్లను వదిలి ఉద్యోగానికి పోతున్నానన్న గుబులో తెలియదు గానీ, నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

"మీకూ ఒక పిల్ల ఉండుంటే తెలిసేది అక్కయ్యా!"

ఆవిడ నన్నొక్కసారి చూసి, విసనకర్ర మంచం మీద పెట్టి, మందుల పొట్లం నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. పోట్లాడి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం మానేసింది.

అలా ఏడాదిన్నర గడిచింది. మొదట్లో క్షమాపణ అడుగుదామనే అనుకున్నాను. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అనుకుంటూ ఉంటే రోజు రోజుకీ ఆ మాట బరువెక్కిపోయింది. చివరికి నేనే వెనక వసారాలో వేరే స్టవ్వు పెట్టుకున్నాను. బడి నుంచి వచ్చిన పిల్లను పక్కింటివాళ్ళ దగ్గర ఉండమన్నాను. అదెంత పెద్ద తప్పో అప్పుడు తోచలేదు. అన్నదమ్ములిద్దరూ మాత్రం ఎప్పటిలాగే వీధి అరుగు మీద కలిసి పేపరు చదువుకునేవారు. అత్తయ్యగారు ఒక పూట అక్కడా, ఒక పూట ఇక్కడా భోంచేస్తూ, ఎవరినీ ఏమీ అనకుండా నెట్టుకొచ్చేవారు.

ఆ ఏడు దసరా వెళ్ళాక ఇంకా మూడు రోజులు సెలవులున్నాయి. బావగారు తన పాత వ్యానులో చీరల అరలన్నీ ఊడబీకించి, బల్లలు వేయించి, వాటి మీద బూరుగుదూది పరుపులు పరిపించారు. ఒక మూల కిరసనాయిలు స్టవ్వు, ఇంకో మూల మంచినీళ్ళ డ్రమ్ము. నేతలో తేడా వచ్చి అమ్ముడుపోని చీరలను కిటికీలకు కర్టెన్లుగా కట్టించారు. ఇదంతా ఏమిటని అత్తయ్యగారు అడిగితే, అందరం అడవి చూడ్డానికి వెళుతున్నామనీ, ఇందులోనే వండుకుని ఇందులోనే పడుకుంటామనీ చెప్పారు. నేను రానని మా వారితో గొణిగాను. ఎప్పుడూ నా మాటకు అడ్డుచెప్పని మనిషి ఆ రోజు మాత్రం, "అన్నయ్య మాట నేను తీసెయ్యలేనే" అని ఊరుకున్నారు.

రాజమండ్రిలో గోదావరి దాటి, గోకవరం మీదుగా రంపచోడవరం చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. అక్కడి నుంచి కొండలు మొదలయ్యాయి. పచ్చటి వరిచేలు తప్ప ఎరగని డెల్టా మనుషులం, ఒక్కో మలుపు తిరిగే కొద్దీ మీదికి వంగే వెదురు పొదలనూ, ఎక్కడా చదునన్నది లేని ఆ నేలనూ చూసి నోళ్ళు తెరిచాం. అత్తయ్యగారు సీతాఫలాలు అమ్ముతున్న ప్రతిచోటా బండి ఆపించారు. అక్కయ్యా నేనూ చెరో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాం. మధ్యలో పిల్ల ఆ కిటికీకీ ఈ కిటికీకీ తిరుగుతూ, ఇద్దరికీ అవే చెట్లు చూపించింది.

మారేడుమిల్లి దాటాక ఒక వాగు ఒడ్డున పులిహోర తిని బయలుదేరబోతే వెనక చక్రాలు బురదలో దిగబడ్డాయి. అన్నదమ్ములు ఎంత తోసినా బండి కదల్లేదు. దగ్గర్లో గూడెం ఉందని దారిన పోయేవాళ్ళు చెబితే మనుషుల్ని పిలుచుకురావడానికి ఇద్దరూ వెళ్ళారు. వాళ్ళటు వెళ్ళడమేమిటి, ఇటు వాన అందుకుంది. ఆరేసిన తువ్వాళ్ళు తేవడానికి నేను గడ్డిలో పరిగెత్తి, తడిసి ముద్దై వ్యానెక్కాను. చూద్దును కదా, పాదం మీద, మడమ పైన రెండు జలగలు! మెత్తగా, నల్లగా, వేలెడంత ఉన్నాయి. నేను పెట్టిన కేకకు అత్తయ్యగారు జపం ఆపేశారు. పిల్ల ఏడుపు లంకించుకుంది.

అక్కయ్య ఒక్క ఉదుటున లేచింది. ఉప్పు డబ్బా తీసుకుని, కింద కూర్చుని, నా పాదాన్ని తన ఒళ్ళో పెట్టుకుంది.

నాకంటే పదేళ్ళు పెద్ద. నేను పండగపూట కాళ్ళకు దణ్ణం పెట్టి అక్షింతలు వేయించుకునే మనిషి. ఆవిడ ఒళ్ళో బురదకాలు పెట్టుకుని కూర్చోవడం నావల్ల కాలేదు. కాలు వెనక్కి లాక్కోబోయాను.

"వద్దు అక్కయ్యా, మీరు నా కాలు పట్టుకోవద్దు."

"కదలకు, నెత్తురు కారుతోంది." ఏడాదిన్నర తర్వాత ఆవిడ నాతో అన్న మొదటి మాట అది.

ఉప్పు తగలగానే జలగలు ముడుచుకుని రాలిపోయాయి. ఆవిడ తన పమిట చెంగుతో నెత్తురు తుడుస్తుంటే నాకు దుఃఖం ఆగలేదు. వంగి ఆవిడ చేతులు పట్టేసుకున్నాను. "ఆ రోజు నేనన్న మాట..." అన్నాను.

ఆవిడ చెంగు మడతపెట్టి నా మడమ మీద అదిమింది. "అన్నందుకు కాదే," అంది మెల్లగా. "అన్నావు, పోనీ, కోపంలో ఎవరైనా అంటారు. కానీ పిల్లను పక్కింట్లో పెట్టావు చూడు! మన వంటింటి కిటికీలోంచి అది లెక్కలు చేసుకోవడం కనబడేది నాకు. అది తట్టుకోలేకపోయాను."

అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయారు. ఏడుపు మానిన పిల్ల మాత్రం నిదానంగా వెళ్ళి పెద్దమ్మ వీపుకి ఆనుకుని కూర్చుంది. నేను క్షమించమని అడిగాను, ఈసారి పూర్తిగా, ఒక్కో మాటా కూడదీసుకుని. ఆవిడ "సరేలే" అంది. అంతకుమించి ఆవిడెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

వాన వెలిసేవేళకు గూడెం నుంచి నలుగురు మనుషులు వచ్చి, కర్రలూ రాళ్ళూ చక్రాల కింద వేసి బండిని బయటకు తోశారు. ఏమిచ్చినా పుచ్చుకోలేదు, టీ మాత్రం తాగారు. ఆ టీ అక్కయ్యా నేనూ కలిసి పెట్టాం. అది చూసి బావగారు ఇంకో గ్లాసు అడిగి మరీ తాగారు.

ఇంటికి వచ్చిన మర్నాడే వసారాలో స్టవ్వు తీసేశాను. మా అమ్మాయి పెళ్ళిలో కన్యాదానానికి పీటల మీద కూర్చున్నది బావగారూ అక్కయ్యే. అలా కూర్చోమని బతిమాలింది మా వారూ నేనూ. అక్కయ్య వెళ్ళిపోయి నాలుగేళ్ళవుతోంది. ఆఖరి రోజుల్లో ఆవిడకు అన్నం కలిపి పెట్టే భాగ్యం నాకు దక్కింది. అంతకంటే ఈ జన్మకు నేను కోరుకునేది లేదు.

ఇప్పుడు మనుషులకు కోపమొస్తే ఎవరి ఊరు వాళ్ళది, ఎవరి తలుపు వాళ్ళది. ఫోనులో పేరు తీసేస్తే సరి, మళ్ళీ ఎదురుపడే పనే లేదు. మాకు ఆ సౌకర్యం ఉండేది కాదు. రోజూ ఒకే నూతి దగ్గర నీళ్ళు తోడుకోవాలి, ఒకే గుమ్మంలోంచి నడవాలి. ఆ ఇరుకును అప్పట్లో ఎంత విసుక్కున్నానో! ఇవాళ తలచుకుంటే, మమ్మల్ని ఎంతో దూరం పోనివ్వకుండా పట్టి ఉంచింది ఆ ఇరుకేననిపిస్తుంది. అయినా ఆ ఏడాదిన్నర ఊరికే పోయింది. పెద్దమ్మ ఒళ్ళో కూర్చోవలసిన పిల్ల పక్కింటి గుమ్మంలో కూర్చున్న ఆ సాయంత్రాలను మాత్రం నేనెవరికీ తిరిగి ఇవ్వలేను.